వెదురు కణుపులో తుపాకి

వైశాఖపుటెండలు ముదిరి, గోదావరి యిసుకతిన్నెల నడుమ సన్నని పాయలుగా చీలి పారు దినములలో, దుమ్ముగూడెము నుండి చర్లకు పోవు దారిని సాయంవేళ పయనించువారికి అడవిలోపలి నుండి ఉండియుండి యొక ప్రేలుడు వినవచ్చుట కలదు. మొదటిసారి నేనా దారిని పోయినవి భూమిపండుగ రోజులు. మగవారు విల్లంబులు పుచ్చుకొని వేటకు పోయియుండగా, ఆడువారు దారికడ్డముగా త్రాడు పట్టి, వచ్చిపోవువారిని నిలిపి, పండుగ మామూలు వసూలు చేయుచుండిరి. మేమును మా వంతు చెల్లించుకొని ఒక కోయగూడెపు చింతచెట్టు క్రింద దాహము తీర్చుకొనుచుండగా, కొండవాలు నుండి ఢమ్మని యొక మ్రోత, దాని వెనువెంటనే మరి రెండు వినవచ్చినవి. ఆ ప్రాంతమున తుపాకిమ్రోతకు పలువిధములైన అర్థములు కలవు గనుక నేను కలవరపడి, ప్రక్కనున్న వృద్ధుని అడిగితిని.

“తాతా, అవతల ఎవరో తుపాకి కాలుస్తున్నట్టున్నారే?”

ఆయన నవ్వెను. “తుపాకి యాడిదయ్యా, బొంగు. పోడు తగలబెట్టారుగా. కణుపు కాడ పేలుద్ది.”

అంతకంటె ఎక్కువ ఆయన చెప్పలేదు. కాని యీ అధ్యాయములో నేను చెప్పబోవు సమస్త విషయమును ఆయన యా మూడు మాటలలోనే చెప్పివేసినాడని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. పచ్చి వెదురులో కణుపునకును కణుపునకును నడుమ ఒక మూసిన గది యున్నది. మంట తగిలినప్పుడు ఆ గదిలోని గాలి వ్యాకోచించును; గోడలయందలి తేమ ఆవిరిగా మారును. నీరు ఆవిరియైనచో దానికి సుమారు 1,600 రెట్ల చోటు కావలసియుండును. ఆ చోటు వెదురుగదిలో లేదు. కావున గోడ పగులును. పగులుటయందును ఒక నియమమున్నది. రెండు కొనలు మూసిన గొట్టములో ఒత్తిడి పెరిగినపుడు, గొట్టమును నిలువునా చీల్చు బలము, దానిని అడ్డముగా త్రెంపు బలమునకు సుమారు రెట్టింపు. వెదురునార లన్నియు నిలువునా సాగినవే గనుక వాటిని చీల్చుట సులభము, త్రెంపుట కష్టము. ఈ రెండు కారణములును కలసి వెదురు ఎల్లప్పుడును నిలువునా చీలును. మన సామెతల కిది క్రొత్త సంగతి కాదు గాని, ఫిరంగులు పోతపోయువారు దీనిని నేర్చుకొనుటకు ఎందరి ప్రాణములు పోయినవో!

చీనా దేశస్థులు మనవలెనే వెదురు పెరుగు నేలల వారు. మందుగుండు పుట్టుటకు పూర్వమే వారు పండుగనాడు వెదురుబొంగులను మంటలో వేసి, ఆ ప్రేలుడుతో పిశాచములను పారద్రోలుచుండిరి. నేటికిని వారు టపాకాయను ‘బావోజు’ అందురు. ఆ మాటకు ‘ప్రేలు వెదురు’ అని అర్థము. లోపల వెదురు పోయి కాగితము వచ్చినది, ఆవిరి పోయి మందు వచ్చినది. పేరు మాత్రము మారలేదు. చర్లదారిలో పోడుమంట నడుమ ప్రేలిన కణుపునకును, ప్రపంచములోని తుపాకులన్నింటికిని గల చుట్టరికము ఇక్కడ ప్రారంభమగుచున్నది.

సరిహద్దు దాటి బస్తరులోనికి పోయినచో ఈ చుట్టరికమునకు మరియొక సాక్ష్యము దొరకును. ఓరుగల్లు కాకతీయుల వంశము వారమని చెప్పుకొనిన రాజులేలిన జగదల్‌పురమున, ఆషాఢమాసపు రథయాత్రను ‘గోంచా’ అని పిలుతురు. ఆ దినమున పిల్లలు పెద్దలు ‘తుప్కీ’ అను వెదురుగొట్టములు చేతబట్టి, వాటిలో పెంగుకాయలు, అనగా మాలకంగుని కాయలు పెట్టి, వెనుకనుండి పుల్లతో నెట్టి, దేవుని రథమునకు వందనముగా ప్రేల్చుదురు. ముందు పెట్టిన కాయ గొట్టపు నోటిని మూయును. వెనుకటి కాయను నెట్టినకొలది నడుమ చిక్కిన గాలి నలిగి నలిగి చివరకు ముందు కాయను తన్నివేయును. మందు లేదు, నిప్పు లేదు, హింస లేదు. కాని తుపాకి యొక్క సూత్రమంతయు అందున్నది. ఒకవైపు మూసిన గొట్టము, లోపల నలిగిన వాయువు, ముందొక గుండు. తుపాకి అనగా నింతియే. ఆ మాట కూడ తుర్కీ భాషలో మొదట పిట్టలను కొట్టు ఊదుడుగొట్టమును సూచించినదై, పారసీకుల నోట నలిగి మనదాక వచ్చినది. బస్తరు పిల్లలు దానిని మరల గొట్టమునకే ఇచ్చివేసిరి.

ఇక గొట్టములో పోయు మందును గూర్చి. మనము ఔషధమును మందు అందుము, తుపాకిలో దట్టించు పొడిని మందు అందుము, కల్లుదుకాణములో పోయుదానిని గూడ మందే అందుము. మూడింటికి ఒకే పేరేల అని తెలుగువాడెవ్వడును ఆశ్చర్యపడడు. చీనా భాషలోను ఇట్టిదే యొక వింత యున్నది: వారు తుపాకిమందును ‘హువోయావో’ అందురు, అనగా అగ్నిమందు, నిప్పు ఔషధము. ఈ పేరు ఉత్ప్రేక్ష గాదు, చరిత్ర. తావో మతపు రసవాదులు చిరంజీవత్వము నొసగు ఔషధమును వెదకుచు, గంధకము, సురేకారము, మణిశిల మొదలగువానిని కలిపి కాల్చి చూచుచుండిరి. తొమ్మిదవ శతాబ్దము నాటిదని పండితులు తలచు ఒక తావో గ్రంథము, ఇటువంటి మిశ్రమమును తేనెతో కలిపి వేడిచేసినవారి చేతులును ముఖములును కాలినవనియు, ఇల్లే తగులబడినదనియు చెప్పి, ఆ పని చేయవలదని హెచ్చరించుచున్నది. ఆయువును పెంచు మందును వెదకి వెదకి, తుదకు దానికి పూర్తిగా వ్యతిరేకమైన మందును కనుగొనిన ఆ యోగులపై నాకు జాలియే గాని కోపము రాదు.

ఈ మందులో మూడు ద్రవ్యముల పనియు వేరు వేరు. బొగ్గు కాలునది, గంధకము తొందరగా అంటుకొని మంటను ప్రాకించునది, సురేకారము ఊపిరి. మంటకు గాలి కావలెను. మూసిన గొట్టములో గాలి యుండదు. ఆ గాలిలోని ప్రాణవాయువును సురేకారము తన కడుపులో దాచుకొని వచ్చి, వేడి తగులగానే విడిచిపెట్టును. కావుననే ఈ మందు బయటి గాలితో పని లేక మండగలదు. మన పల్లెలలో సురేకారమును పెట్లుప్పు అందురు. పెట్లు పేల్చు ఉప్పు. పశువులకొట్టముల నేలలోను, పాతగోడల మొదళ్ళలోను తెల్లగా పూయు ఈ యుప్పు నిజమునకు సూక్ష్మజీవుల కష్టార్జితము. పేడ, మూత్రములయందలి నత్రజనిని అవి నెలల తరబడి శ్రమించి మార్చినగాని ఈ లవణము పుట్టదు. అరబ్బులు దీనిని ‘చీనా మంచు’ అనిరి. పారసీకులు ‘చీనా ఉప్పు’ అనిరి. తెలియని వస్తువునకు వచ్చిన త్రోవయే పేరగుట లోకసహజము.

1044లో సుంగు చక్రవర్తి యాజ్ఞచే సంకలితమైన ‘వూజింగ్ జొంగ్యావ్’ అను యుద్ధశాస్త్ర సంగ్రహములో మొట్టమొదటిసారిగా మందుపాళ్ళు గ్రంథస్థమైనవి. అయితే అందలి మందు దహించునదే గాని దుముకునది గాదు. దానిని ఉండలుగా కట్టి శత్రువుల కోటపై విసరుచుండిరి. తుపాకి కాదది, నిప్పుముద్ద. మందును గొట్టములో పెట్టవలెనను ఆలోచన, అనగా అసలైన ఆలోచన, ఇంకను రావలసియున్నది. అది వచ్చుటకు ఒక ముట్టడి, ఒక వెదురు కావలసినవి.

1132లో, నేటి హూబే రాష్ట్రములోని దె-ఆన్ అను పట్టణమును ముట్టడిదారులు చుట్టుముట్టి, చక్రములపై నడచు కొయ్యగోపురములను గోడవద్దకు నెట్టుకొని వచ్చిరి. పట్టణమును కాపాడుచున్న చెన్ గుయ్ అను అధికారి పొడవైన వెదుళ్ళలో మందు దట్టించి, ఇరవైకి పైగా ‘అగ్నిశూలములు’ చేయించెను. ఒక్కొక్కదానికి ఇద్దరేసి మనుష్యులు. నోటినుండి వెలువడు మంటతో గోపురములను, వాటిలోనివారిని కాల్చుటయే వాటి పని. ఇక్కడ గొట్టము పుట్టినది. గుండు ఇంకను పుట్టలేదు. తరువాతి నూరేండ్లలో ఈ శూలము రెండు దిక్కుల పెరిగినది. 1233లో మంగోలుల శిబిరముపై రాత్రివేళ దాడి చేసిన జిన్ రాజ్యపు సైనికులు వెదురునకు మారుగా పదునారు పొరల కాగితమును చుట్టి చేసిన గొట్టములను పట్టిరి. లోపల మందుతోపాటు ఇనుపరజను కూడ నుండెను. నిప్పును చిన్న ఇనుపకుండలో వెంట తీసికొనిపోయిరి. 1259లో షౌచున్ అను చోట మరల పెద్ద వెదురుతో చేసిన ‘తుహువోచియాంగ్’ అను సాధనములో, మంట యయిన పిదప ఒక గుళిక వంటిది బయటికి దూకెడిదనియు, ఆ మ్రోత నూటయేబది యంగల దూరమునకు వినవచ్చెడిదనియు సుంగుల చరిత్ర చెప్పుచున్నది. మంట ముఖ్యము, గుళిక అముఖ్యము అను స్థితి నుండి గుళికయే ముఖ్యము, మంట దాని గుఱ్ఱము అను స్థితికి మనసు మారిన క్షణమిది. ఎవరి మనసో తెలియదు. చరిత్రలో ఇట్టి క్షణములకు పేరుండదు.

ఇప్పుడు వెదురు ఓడిపోవలసి వచ్చినది. గుండు నోటికి అడ్డుపడగానే లోపలి ఒత్తిడి పెరుగును, నిలువునార చీలును, శత్రువుకంటె ముందు పట్టినవానికే ప్రమాదము. కావున గొట్టము లోహమైనది. 1970లో చీనా ఈశాన్యమున, హెయిలుంగ్‌జియాంగ్ రాష్ట్రపు ఆచెంగులో ఒక కంచుగొట్టము నేలలో దొరకినది. పొడవు 34 సెంటీమీటర్లు, బరువు మూడున్నర కిలోలు. ఒక రోకలిపొన్ను కంటె పెద్దది, రోలు కంటె చిన్నది. 1288నాటి యుద్ధముల కాలమునకు దీనిని చెందించుదురు; మనకు తెలిసిన చేతితుపాకులలో అత్యంత ప్రాచీనమైన వానిలో ఇదియొకటి. దీని యాకారమును చూచినవారెవ్వరికైనను ఒక సంగతి కంటబడును: వెనుకభాగమున, మందు మండు చోట, గొట్టము ఉబ్బెత్తుగా నున్నది. మందు అంటుకొనిన తొలిక్షణముననే ఒత్తిడి యత్యధికము. గుండు ముందుకు సాగినకొలది చోటు పెరిగి ఒత్తిడి తగ్గును. కావున లావు వెనుక నుండవలెను, ముందు సన్నగిల్లినను తప్పులేదు. గణితము చేసి కాదు, పగిలిన గొట్టములను చూచి వారిది నేర్చుకొనియుందురు. వెదురులో ఈ లావు దేవుడు కణుపు దగ్గరనే పెట్టినాడు. ఆచెంగు కంచరి ఆ కణుపును కంచుతో పోసినాడు.

ఈ గొట్టము మంగోలుల వెంట పడమరకు పోయి, తుర్కీల చేతను ఫిరంగుల చేతను మెరుగుపడి, రెండువందల యేండ్ల తరువాత సముద్రముమీదుగా మనకు వచ్చినది. ఫ్రాంకు అను జాతినామమే మనకు ఫిరంగి యైనది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరుకోటను ముట్టడించినపుడు పోర్చుగీసు తుపాకివాండ్రు గోడలమీది వారిని గురిచూచి కొట్టి తోడ్పడినట్లు వారి దేశస్థుడే యగు నూనిజు వ్రాసియున్నాడు. అటుపిమ్మట జామగి, రంజకము, చెకుముకి, గుండు, తూటా అని ఈ విద్య యొక్క మాటలన్నియు తెలుగులో కాపురము పెట్టినవి.

మన అడవులలో నేటికిని పేరు చచ్చిపోని తుపాకి బర్మారు. హిందీలో ‘భర్’ అనగా నింపు, ‘మార్’ అనగా కొట్టు. ఇంత నిజాయితీ గల పేరు మరే యంత్రమునకును లేదు. ముందునోటినుండి మందు పోసి, చింకిగుడ్డయో పీచో కూరి, పుల్లతో దట్టించి, రవ్వలు పోసి, మరల కూరి, వెనుక టోపీ తగిలించి, గురిచూచి, కొట్టవలెను. కొట్టిన తరువాత కమ్మిన పొగ తొలగువరకు ఏమైనదో తెలియదు. ఈ మందు మండినపుడు దానిలో సగము కూడ వాయువు గాదు. మిగిలినదంతయు సన్నని ఘనరేణువులై పొగగాను మసిగాను మారును. పొగ కాల్చినవాని చిరునామా చెప్పును. మసి గొట్టమును మూయును. ఇక వానపడెనా, కథ ముగిసినట్లే. ఈ బర్మారునకు ఉన్న అసలు లోపము గురి కాదు, దూరము కాదు, కాలము. ఒక దెబ్బకును మరియొక దెబ్బకును నడుమ గల ఆ అరనిమిషము.

ఆ అరనిమిషమును జయించుట కెన్ని దేశముల మేధావులు తలలు బ్రద్దలు కొట్టుకొనిరో లెక్కలేదు గాని, అందులో నాకు మిక్కిలి ప్రీతిపాత్రుడు జావ్ షిజెన్. ఈయన సేనాని కాడు, కమ్మరి కాడు. మింగు చక్రవర్తి కొలువులో అందమైన దస్తూరికి పేరుపొందిన లేఖకుడు. జపానువారు కొరియాపై దండెత్తి తుపాకులతో కల్లోలము చేయుచున్న దినములలో, ఈ లేఖకుడు తనకు పరిచయమైన తుర్కీ తుపాకిని, పోర్చుగీసు ఫిరంగిని విప్పి పరిశీలించి, 1598లో ‘షెన్‌చీపు’ అను చిత్రసహిత గ్రంథమును చక్రవర్తికి సమర్పించెను. అందులో రెండు కల్పనలు గణనీయములు. ఒకటి ‘షున్‌లెయ్ చుంగ్’, శీఘ్రగర్జనము. ఒక ఇరుసు చుట్టును ఐదు గొట్టములు. ముందొక గుండ్రని డాలు. క్రింద ఆనుగా నేలలో గ్రుచ్చిన గొడ్డలి. ఒక గొట్టము ప్రేలగానే ఐదవవంతు చుట్టు త్రిప్పినచో రెండవది జామగి కెదురు వచ్చును. ఐదు దెబ్బలయిన పిదప శత్రువు మీదపడినచో గొడ్డలి చేతికి వచ్చును. రెండవది ‘చెదియెన్ చుంగ్’. ఇందులో గొట్టము ఒక్కటియే గాని, ముందుగానే మందు గుండు దట్టించి సిద్ధపరచిన చిన్న గదులు వేరుగా నుండును. ఒకటి ప్రేలగానే దానిని తీసి రెండవది పెట్టుట. మందు, గుండు, వాటిని మోయు గది ఒక్కటిగా కట్టి వెనుకనుండి పెట్టుట అనునది తూటాకు పూర్వరూపము గాక మరేమి?

అయినను ఈ రెండును యుద్ధమును మార్చలేదు. ఆలోచనకు లోహము తోడురాలేదు. తీసి పెట్టు గదికి గొట్టమునకు నడుమ వెండ్రుకవాసి సందున్నను మంట అందుండి వెలికి వచ్చి కాల్చువాని కన్ను తీయును. ఆ సందును మూయగల యంత్రసూక్ష్మత నాటి కమ్మరి చేతిలో లేదు. దాదాపు మూడువందల యేండ్ల పిదప ఇత్తడితూటా వచ్చినపుడు ఆ చిక్కు విచిత్రముగా విడిపోయినది: ఒత్తిడికి ఇత్తడిగోడ ఉబ్బి గొట్టమునకు తానే అంటుకొని సందును మూసి, ఒత్తిడి తగ్గగానే ముడుచుకొని వెలికి వచ్చును. జావ్ షిజెన్‌కు కావలసినది ఒక ఇత్తడి చిప్ప, దొరకలేదు. తరువాతి మంచూ ప్రభువుల కాలమున దయ్ జి అనునతడు ఇరువదియెనిమిది గుండ్లు వరుసగా కాల్చు తుపాకి చేసెనని ఒక కథ కలదు. తుపాకి మిగులలేదు, చేసినవాడు దూరసీమకు వెడలగొట్టబడెను.

తూటా వచ్చుట యుద్ధమును మార్చినంతగా అడవిని గూడ మార్చినది, అయితే వేరొక విధముగ. 1878లో వైస్రాయి లిట్టను ప్రభుత్వము ఆయుధశాసనము చేసి, అనుమతి లేనిదే భారతీయుడు తుపాకి యుంచుకొనరాదని శాసించినది. మరుసటి యేడే రంపలో తిరుగుబాటు చెలరేగి, అయిదేండ్ల క్రిందట మాత్రమే మధ్యరాష్ట్రముల నుండి మద్రాసు పాలనకు మారి, పోడుపన్ను బరువునకు మూల్గుచున్న భద్రాచలము తాలూకా రేకపల్లిసీమకు ప్రాకినది. కొండవారి పాతతుపాకులను విండ్లను అణచుటకు ప్రభుత్వము పోలీసులు గాక ఆరు మద్రాసు పదాతిపటాలములను దింపవలసి వచ్చినది. ఒక్క తుపాకి యొక్క బలము చూచినచో ఇది నమ్మరాని లెక్క. అడవి బలము చూచినచో సహజము.

నలుబదిమూడేండ్లకు, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై వరుసగా దాడిచేసి, 26 తుపాకులను, వాటి తూటాలను పట్టుకొనిపోయెను. ఈ కథను మనము వీరగాథగా చెప్పుకొందుము; అది న్యాయమే. కాని యంత్రశాస్త్ర దృష్టితో చూచువానికి అందొక విషాదము గూడ కనిపించును. బర్మారు ఆకలి అడవిలో తీరును: బొగ్గు అడవిదే, రవ్వలు దొరకకున్న గులకరాయి యైనను సరిపోవును. తూటాతుపాకి ఆకలి అడవిలో తీరదు. దాని యన్నము కర్మాగారములో వండవలెను. పట్టుకొనిన తూటా లెన్నియో అన్ని దెబ్బలే దాని యాయువు. ఆ తరువాత అది దుడ్డుకఱ్ఱ. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధపోరాటములో వడిసెలల ప్రక్కన బర్మారులు నిలిచినదియు, 1948 సెప్టెంబరు పోలీసుచర్య తరువాత దళములు గోదావరి యడవులలోనికి తరలినప్పుడును అవి వెంట నుండినదియు ఈ కారణముననే. పాతది గొప్పదై గాదు. దానికి తిండి పెట్టగలము గనుక.

చీనాకు గూడ ఇదే సంకటము దేశమంత పరిమాణములో ఎదురైనది. పాశ్చాత్యుల నౌకలముందు ఓడిన పిదప, తుపాకి పుట్టిన దేశము తుపాకిని కొని తెచ్చుకొనవలసి వచ్చెను. కొన్న తుపాకికి తూటా యెవ్వరు పెట్టుదురు? కావున జాంగ్ జిదుంగ్ అను రాజప్రతినిధి 1890 ప్రాంతమున హన్యాంగులో ఆయుధశాల స్థాపించి, జర్మనుల 1888 నమూనాను చేయించుట కారంభించెను. హన్యాంగు ఎక్కడనున్నదో పటములో చూచినప్పుడు నాకు మిక్కిలి వింత కలిగినది: అదియు హూబే రాష్ట్రమే; చెన్ గుయ్ వెదుళ్ళతో కాపాడిన దె-ఆన్ అక్కడికి దూరము గాదు.

ఆ యాయుధశాలాధికారి ల్యూ చింగ్‌ఎన్ మొదటి ప్రపంచయుద్ధకాలమున చేసిన తుపాకిని ‘జనరల్ ల్యూ రైఫిలు’ అందురు. అనుకరణ గాక చీనావారు స్వయముగా కల్పించిన మొదటి స్వయంభరణ తుపాకి యిది. పొగలేని మందు అప్పటికి వచ్చియుండెను. మసి లేదు గనుక గొట్టపు వాయువునే కూలికి పెట్టుకొనవచ్చును. ల్యూ తుపాకి నోటియొద్ద ఒక చిన్న గిన్నె నమర్చెను. గుండు వెడలు క్షణమున వెనువచ్చు వాయువు ఆ గిన్నెను ముందుకు లాగును. గిన్నె ఒక కడ్డీని లాగును. కడ్డీ మీటద్వారా వెనుకనున్న గడియను తెరచి, పాత తూటాచిప్పను పారవైచి, క్రొత్తది యెక్కించును. గిన్నెను కొంచెము త్రిప్పినచో వాయువు ప్రక్కకు పోయి, తుపాకి మామూలుగా చేతితో నడచును. యంత్రము పాడైనను సిపాయి నిరాయుధుడు కారాదను ఈ ముందుచూపు నాకు నచ్చినది. అమెరికానుండి యంత్రసామగ్రి తెప్పించు ఏర్పాటులు జరిగినవి గాని, ల్యూ పక్షవాతముచే పడిపోయెను. దేశము సేనాపతుల కలహములలో ముక్కలైనది. నమూనాలు నమూనాలుగానే నిలిచినవి.

1949 తరువాత రష్యా స్నేహము, రష్యా నమూనాలు. చీనా తుపాకుల పేర్లలోని అంకె సంవత్సరమును చెప్పును. 56 అనగా 1956. ఆ యేటి నమూనాలన్నియు అరువుసొత్తే. స్నేహము చెడిన పిదప స్వంతబుద్ధి మేల్కొన్నది. 64వ నమూనా నిశ్శబ్ద పిస్తోలు అందొక చక్కని కల్పన: మ్రోతను మ్రింగు గొట్టము దానిలోనే అంతర్భాగము, గుండు దెబ్బ మ్రోత అణగినను వెనుకకు దూకు లోహపు పలక చేయు కటకటధ్వని మిగులును గదా యని, ఆ పలకను కదలకుండ బిగించు మీట నొకటి పెట్టిరి. 63వ నమూనా రైఫిలు కాగితముమీద మంచిదే. కాని సాంస్కృతిక విప్లవపు అలజడిలో కర్మాగారముల క్రమశిక్షణ నశించి, తయారైన తుపాకులు చెడ్డవై, సైన్యము వాటిని వెనుకకు తీసికొనవలసి వచ్చినది. రేఖాచిత్రము వేరు, తుపాకి వేరు. ఆ పాఠము నేర్చి చేసిన 81వ నమూనా చూపునకు కలాష్నికోవు చెల్లెలివలె నుండును గాని, లోపలి వాయుముసలకము వేరు విధము: అది కొంచెము దూరము మాత్రమే దూకి, గడియను ఒక్క తాపు తన్ని ఆగిపోవును, కదలు బరువు తక్కువ గనుక గురి నిలుచును. 1980లలో వియత్నాము సరిహద్దు కొండలలో ఇది పనికివచ్చెను.

పిదప తూటాకే స్వంతరూప మియ్యవలెనను పట్టుదల. 1971లో మొదలైన పరిశోధన 1987నాటికి 5.8 మిల్లీమీటర్ల తూటాగా ఫలించినది, అమెరికావారిది 5.56, రష్యావారిది 5.45, మూడవ దారి. దానికొరకు దువో యింగ్‌షియెన్ అను శిల్పి నాయకత్వమున రూపొందిన 95వ నమూనా 1997 జూలైలో హాంకాంగు చీనావశమైనపుడు సైనికుల భుజములమీద లోకమునకు కనబడెను. ఇందు తూటాల పెట్టె పట్టుపిడికి వెనుక, భుజమున కానించు మడమలోనే యుండును. మడమ మామూలుగా వట్టి కొయ్య. ఆ చోటును యంత్రమున కిచ్చినచో గొట్టము కురుచ గాకుండగనే తుపాకి కురుచయగును. మొత్తము పొడవు 75 సెంటీమీటర్లకు లోపు, అందు గొట్టమే 46. తెలివియే, కాని యంత్రము చెంపప్రక్కకు వచ్చుటచే చిప్పలు కుడివైపున దూకి ఎడమచేతివాటము వాని ముఖమునకు తగులును, భద్రపుమీట చేతికి దూరముగా వెనుకకు పోయినది. 2019 అక్టోబరు కవాతులో కనబడిన 191వ నమూనాలో తూటాల పెట్టె మరల పిడికి ముందుకే వచ్చినది. ఇరువది రెండేండ్లు వెనుక నుంచి, తిరిగి ముందుకు! ఇది ఓటమి యని కొందరందురు. నాకట్లు తోచదు. ఎవ్వరి నమూనానో చూచి వ్రాసుకొనువానికి తన తప్పును తాను దిద్దుకొను అధికారము లేదు. స్వంతముగా తప్పు చేసినవానికే యున్నది.

హన్యాంగు ఆయుధశాల జపానుతోడి యుద్ధకాలమున చుంగ్‌చింగునకు తరలిపోయి, పిమ్మట పేరు మారి, తుపాకులతోపాటు మోటారుసైకిళ్ళు గూడ చేసినది. మన భద్రాచలపు వెదురు సారపాక కాగితపు మిల్లులో కాగితమైనది. పదునారు పొరల కాగితముతో తుపాకి చేసిన జిన్ సైనికుడు సారపాక గేటుముందు లారీలను చూచినచో ఏమనుకొనునో యని నాకొక వెఱ్ఱి యూహ అప్పుడప్పుడు కలుగుచుండును.

ఆనాటి సాయంకాలము ఆ వృద్ధుడు మమ్ములను భోజనము చేయక కదలనీయలేదు. వేటనుండి మగవారు వట్టిచేతులతో వచ్చిరి గనుక ఇంటి కోడినే కోసిరి. ఆయన స్వయముగా పోయి, నాలుగు వెదుళ్ళను వ్రేలితో తట్టి చూచి, ఒకదానిని ఎన్నుకొని, కణుపునకు బెత్తెడు క్రింద కొట్టెను. పైకొన మాత్రము కణుపు లేనిచోట తెరచి, కారము పట్టించిన ముక్కలను అందులో నింపి, నోటిని పచ్చియాకులతో ఒత్తెను. నాకు పగటి ప్రేలుడు జ్ఞప్తికి వచ్చినది.

“ఆకు ఊడకుండా గట్టిగా బిగించవద్దా, తాతా?”

ఆయన నిప్పులమీద బొంగును మెల్లగా దొర్లించుచుండెను. ఆకుల సందున సన్నగా ఆవిరి తేలుచుండెను.

“గట్టిగా బిగిస్తే కూర మనకు కాదయ్యా,” అనెను, “చెట్టు మీది కాకులకు.”